నల్లసూర్యుడి కథకి ఊఁ కొట్టేదెవరు

“లోకం మునిగితే మునుగుద్ది, పసులసాల ఎవుళ్ళు తుడుత్తారే? లెగు!” అంది రత్నాలమ్మ.

అష్టగ్రహ కూటమి నాటి మాట అది. గ్రహాలన్నీ ఒక్కచోట చేరుతున్నాయి, ప్రళయం తప్పదు అని ఊరూరా భజనలు చేశారు. ఇంక దాచుకుని ఏం లాభమని పలాస చుట్టుపక్కల పల్లెల్లో కోళ్ళనీ మేకల్నీ కోసుకు తిన్నవాళ్ళున్నారు. అప్పుడే కాపరానికొచ్చిన నీలమ్మ మాత్రం, ప్రళయం కదా, ఈ పూటకి పని ఉండదు కాబోలు అనుకుని, బతుకులో మొదటిసారి తెల్లారాక కూడా చాప మీదే ఉండిపోయింది. లోకం ముగిసే రోజున కూడా పేడ ఎత్తాల్సిందేనని అత్తగారి నోట విన్నాక ఆమెకి ఏడుపు రాలేదు, నవ్వొచ్చింది. పేడతట్ట నెత్తిన పెట్టుకుని లోపల్లోపల నవ్వుకుంటూ పోయింది. ప్రళయం రాలేదు. ఆ నవ్వు మాత్రం ఏళ్ళ తరబడి కడుపులో అలాగే ఉండిపోయి, ఈ వేసవిలో జీడిపప్పు బట్టీలో కథై బయటపడింది.

నీలమ్మ పనిచేసేది పొర తీసే గదిలో. కాల్చి, కొట్టి, ఆరబెట్టిన పప్పు అక్కడికొస్తుంది. ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఎర్రపొర ఊడదీసి, విరగని గుండు ఒకవైపు, విరిగిన బద్ద ఒకవైపు వెయ్యాలి. గదికి కిటికీ పెట్టలేదు. పెడితే ఆడవాళ్ళు పప్పు బయటికి విసిరేస్తారని సావుకారి భయం. కప్పులో ఒకే ఒక్క గాజు పెంకు ఉంది. పొద్దు వాలుతుంటే దానిలోంచి వెలుగు ఏటవాలుగా దిగి సున్నం గోడ మీద పడుతుంది. ఒకరోజు తిమ్మిరెక్కిన కాలు చాపుకుంటే, ఆ కాలి నీడ గోడ మీద ఏదో పాడుబడ్డ కోట బురుజులా లేచింది. వేళ్ళు కదిపితే బురుజు కదిలింది! చిన్నప్పుడు తోలుబొమ్మల వాళ్ళ తెర దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్న పిల్ల ఆమెలో ఒక్కసారిగా లేచి నిలబడింది.

మర్నాటికి పాత క్యాలెండరు అట్ట కత్తిరించి బొమ్మలు చేసింది. మోకాళ్ళ దగ్గర, మోచేతుల దగ్గర దారంతో కుట్టి, కొబ్బరి ఈనెలకి కట్టింది. చేతులకి ఖాళీ లేదు కదా, అవి సావుకారివి. అందుకని ఈనెల్ని కాలివేళ్ళ సందున పట్టుకుంది. చేతులు పప్పుకి, కాళ్ళు కథకి! సూర్యుడు కావలసి వచ్చాడు. ఎడమకాలి మెట్టె ఊడదీసి ఒక ఈనె కొసకి తగిలించింది. గోడ మీద నల్లటి వలయం ఒకటి వేలాడింది.

“లోకం అయిపోయింది,” అని మొదలుపెట్టింది నీలమ్మ. “సూర్యుడు మాడి ఇలాగ అయిపోనాడు. అడుగంటిన గిన్నె లాగ. కొండ మీద కోటలో గబ్బిలాల దొర ఒకడు మిగిలేడు. ఆడికి అన్నం ఎక్కదు. మనుసుల నీడలు తాగుతాడు. నీడ పోయినోళ్ళంతా ఆడి కోట ఊడుత్తన్నారు.”

“ఊఁ!” అంది పక్కన కూర్చున్న సూరమ్మ, చేతిలో పప్పు జారిపోయినా చూసుకోకుండా.

ఆ ఒక్క ఊఁకి నీలమ్మకి ఒళ్ళంతా పులకరించింది. ఇంట్లో ఊఁలకి కరువు లేదు. మొగుడు గున్నయ్య అనేదంతా అదే. బియ్యం నిండుకున్నాయంటే ఊఁ. కడుపు నిలిచిందంటే ఊఁ. నిలవలేదు, పోయిందంటే, అప్పుడూ బీడీ నోట్లోంచి తియ్యకుండా ఊఁ. అది తలుపు వేసుకునే ఊఁ. సూరమ్మది తలుపు తెరిచే ఊఁ. ఒకే అక్షరంలో ఇంత తేడా ఉంటుందని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ఇంట్లో అంట్లు తోముతున్నా, అత్తగారి కాళ్ళు పడుతున్నా, మర్నాటి కోట మెట్లే కళ్ళ ముందు. పప్పు ఉప్పగా ఉందని గున్నయ్య కంచం నెట్టేస్తే కూడా, దొర కంచం ఇలాగే నెట్టాలి, బాగుంటుంది అనుకుంది.

కథానాయికకి పేరు లేదు. కోటలో అందరూ దాన్ని, ఒసే అన్నట్టు, “ఓలే” అనే పిలుస్తారు. లోకంలో మిగిలిన చివరి జీడిపిక్క దాని కొప్పులో ఉంది. సాయంత్రం కోట దాటేటప్పుడు గుమ్మం దగ్గర బంటు “దులుపు” అంటాడు. అది కొంగు దులుపుతుంది. ఏమీ రాలదు. మర్నాడు మళ్ళీ.

ఈ కథ మీద గది రెండుగా చీలిపోయింది. సూరమ్మ వైపు వాళ్ళకి జ్వరమొచ్చినా సరే పని మానడం లేదు. మందస బస్సులో వెళ్ళే ఆడవాళ్ళు బస్సులో చెప్పుకుంటున్నారు. కథ కవిటి చేరేసరికి ఓలేకి మూడు కళ్ళు మొలిచాయట, విని నీలమ్మ పొంగిపోయింది. రెండో వైపు వాళ్ళకి అన్నీ వంకలే. దేవుడు లేడు, పెళ్ళి లేదు, పాటయినా లేదు. “బొమ్మలు బాగున్నాయమ్మా, కథే బాగోలేదు” అని ఒకామె. “నిన్నంతా మెట్లెక్కడమే సరిపోయింది, ఏటీ అవలేదు” అని ఇంకొకామె. అత్తగారు రత్నాలమ్మ చెవిన పడ్డది వేరు. “మొగుడు బతికుండగా మెట్టె తీసి పుల్లకి తగిలిత్తావా? నలుగురిలో కాళ్ళు సాపి సినిమా ఆడిత్తావా?” అని ఇల్లెగిరిపోయేలా అరిచింది. గున్నయ్య వైపు చూసింది నీలమ్మ. ఊఁ అన్నాడు.

అందరిలోకీ గట్టిది బొడ్డమ్మ. ఆ గదిలో పెద్దది, వేళ్ళకి జీడి మచ్చలు మానని మనిషి. కథ మొదలైన నాటి నుంచి ఒక్క ఊఁ కూడా కొట్టలేదు. గోడవైపు చూస్తుంది, పొర తీస్తుంది, అంతే. నీలమ్మకి సూరమ్మ మెచ్చుకోళ్ళన్నీ ఒకెత్తు, బొడ్డమ్మ మూసిన మూతి ఒకెత్తు. ఉండబట్టలేక ఒకరోజు అడిగేసింది.

“బొడ్డమ్మత్తా, నీకు దడుపుగా ఉందేటి?”

“దడుపేటే? రోత. నిన్న దులిపింది, మొన్న దులిపింది, రేపూ దులుపుద్ది. మనం రోజూ సేసేదే కదా అది! దానికి లోకం అయిపోవాలేటి?”

నీలమ్మ చెంప మీద కొట్టినట్టయింది. రోజూ సాయంత్రం గేటు దగ్గర మేస్త్రి ఢిల్లీరావు ముందు వరసలో నిలబడి, ఒక్కొక్కరూ కొంగు విప్పి దులిపి, కుచ్చిళ్ళు విదిలించి, అతని చూపు ఒళ్ళంతా తిరిగాక బయటపడటం. తను కల్పించింది అనుకున్నదంతా అదే. నల్లసూర్యుణ్ణి, గబ్బిలాల్ని, ఇంత కోటని కట్టగలిగిన తను, గుమ్మం దగ్గర ఆ ఓలే ఒక్కదాని చేత ఇంకో పని చేయించలేకపోయింది. సిగ్గుపడింది. ఆ సిగ్గు అడుగున ఏదో ఉత్సాహం కూడా కుతకుతలాడింది. కథకి ముగింపు ఎక్కడ దొరుకుతుందో తెలిసిపోయింది.

అంతలో ఢిల్లీరావు గుమ్మంలోకి వచ్చాడు. “ఓలే నీలమ్మా! సావుకారి దాకా ఎల్లింది నీ కథ. ఆడోళ్ళు దడుసుకుంటన్నారట. రేపటితో ముగించీ. సుబ్బరంగా ముగించాల. అది దొర కాళ్ళట్టుకుని పిక్క ఇచ్చీసినట్టు, సూర్యుడు తిరిగొచ్చినట్టు సెప్పు.”

“నా కథ బాబూ అది,” అంది నీలమ్మ మెల్లగా.

“మీ ఆయనతో మాటాడీసేను. ఊఁ అన్నాడు.”

ఒళ్ళు మండిపోయింది నీలమ్మకి. తన కథలో ఒక్క ముక్క వినని వాడు, దాని ముగింపుకి ఊఁ కొట్టేశాడు!

మర్నాడు గది కిక్కిరిసింది. పిక్కలు కొట్టే వాళ్ళు కూడా నల్లటి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఢిల్లీరావు చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. వెలుగు దిగింది. మెట్టె వేలాడింది. నీలమ్మ కాలివేళ్ళ సందున ఈనెలు బిగించింది. ఓలే కొప్పులో పిక్క మొలకెత్తిందని చెప్పింది. ఆకులు చెవుల మీదుగా దిగుతున్నాయి, ఇంక దాచలేదు. అలాగే కోట గుమ్మం దగ్గరికి వచ్చింది. సూరమ్మ ఊఁ కూడా మరిచిపోయి గుడ్లప్పగించి చూస్తోంది.

“బంటు అన్నాడు: దులుపు.”

అక్కడ ఆపేసింది. గోడ మీది వెలుగు కాస్త కాస్తగా జరుగుతోంది. ఓలే తల నీడ పోయింది, తర్వాత నడుము పోయింది. గోడ మామూలు గోడైపోయింది.

“తరవాతేటే?” అని గోల చేశారు ఆడవాళ్ళు.

“ఎలుగు పోయింది,” అంది నీలమ్మ. ఈనె కొస నుంచి మెట్టె తీసి కొంగు చివర ముడేసుకుంది. ముగించనందుకు ఢిల్లీరావు గొణిగాడు కానీ, ముగిసినట్టేలే అనుకుని గేటు దగ్గరికి పోయాడు.

పని దిగే గంట కొట్టారు. వరస కదిలింది. ముందున్న సూరమ్మ కొంగు దులిపి దాటింది. నీలమ్మ వంతు వచ్చింది. ఢిల్లీరావు కళ్ళు తిన్నగా కొంగు ముడి మీద పడ్డాయి.

“ముడిలో ఏటది?”

“మెట్టె.”

“విప్పు. దులుపు.”

విప్పితే క్షణంలో తేలిపోతుంది. లోపల ఉన్నది మెట్టే, వెండి మెట్టె, మొగుడు బతికే ఉన్నాడని చాటే మెట్టె. అయినా నీలమ్మ కొంగు లాగి, నడుం చుట్టూ తిప్పి, గట్టిగా దోపుకుంది. ఆమెకి నవ్వొచ్చింది. పేడతట్ట నాటి నవ్వే అది, ఈసారి పైకే వచ్చేసింది.

“దులపను.”

“ఏటీ?”

“దులపను బాబూ. నానేటి దొంగనా?”

ఢిల్లీరావు మొహం ఎర్రబడింది. “మీ ఆయన్ని పిలిసి సెప్పమంటావేటి?”

“సెప్పండి. ఊఁ అంటాడు.”

గేటు అవతల సూరమ్మ ఆగిపోయింది. గేటు ఇవతల వరసంతా బిగుసుకుపోయింది. రేపు ఈ గదిలో తనకి చోటుంటుందో లేదో నీలమ్మకి తెలియదు. తల మాత్రం వంచలేదు.

అప్పుడు వెనక నుంచి, కథ మొదలైన నాటి నుంచి ఆ ఒక్క ముక్క అననే అనని బొడ్డమ్మ, తన కొంగు కూడా నడుముకి దోపుకుంటూ, గట్టిగా అంది:

“ఊఁ.”