అరచేతిలో వెల్లకిలా

కొందరికి హస్తవాసి ఉంటుంది. వాళ్ళు ఎండుకొమ్మ గుచ్చినా చిగురేస్తుంది. అది లేనివాళ్ళలో తనదే మొదటి స్థానమని ఈ అమ్మాయికి ఊహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లోవాళ్ళు చెబుతూనే ఉన్నారు. ఆమె నీళ్ళు పోసిన మొక్కలు కుళ్ళిపోయాయి. ఆమె మేత వేసిన చేపపిల్లలు తెల్లారేసరికి నీళ్ళమీద తేలాయి. పక్కింటివాళ్ళు ఊరెళ్తూ అప్పగించిన చిలకైతే వాళ్ళు తిరిగొచ్చే ముందురోజే ప్రాణం విడిచింది. ఆ చిలక ముసలిదనీ, ఆ చేపలకి అన్నయ్య కూడా దొంగచాటుగా గుప్పెళ్ళకొద్దీ మేత వేశాడనీ ఎవరికి కావాలి? అన్నయ్య ఆమెకి 'భస్మం' అని పేరు పెట్టాడు, ఇంటిల్లిపాదీ అదే ఖాయం చేశారు.

అలాంటి మనిషి పిట్టల మీద పరిశోధన చేసే కేంద్రంలో ఒక సీజను పనికి కుదిరితే ఇంట్లో ఎంత నవ్వుకుని ఉంటారో వేరే చెప్పాలా!

"ఆ పిట్టలు నీకేం అన్యాయం చేశాయే?" అన్నాడు అన్నయ్య. "పెట్టె పూర్తిగా విప్పకు. ఫోన్ చేస్తే చాలు, నేనే బస్టాండుకొచ్చి తీసుకెళ్తా."

ఆమె కూడా నవ్వింది, కానీ ఆ నవ్వు పెదాలు దాటి లోపలికి వెళ్ళలేదు. తన చేతిలో ఒక్క పిట్ట పోయినా, ఎవరూ పొమ్మనకముందే వెళ్ళిపోవాలని బస్సెక్కేటప్పుడే అనుకుంది. ఈ విషయం ఎవరికీ చెప్పలేదు.

కేంద్రం అంటే అద్దాల మేడ అనుకునేరు. చిత్తడి నేల పక్కన రేకుల కప్పున్న పాత ఇల్లు. వసారా నిండా బురద బూట్లు, లోపల ఎప్పటికీ ఆరని మేజోళ్ళ వాసన. ఆమెకి పై మంచం ఇచ్చారు. లేస్తే తల రేకుకి తగులుతుంది. మొదటి రెండు రోజులు తగిలింది, తర్వాత తలే తెలివి తెచ్చుకుంది. ఇల్లు ఎలా ఉన్నా ఆమెకి ఒక సుఖం దొరికింది. ఇక్కడ ఆమెని భస్మం అనేవాళ్ళు లేరు. కొత్తమ్మాయి అంటున్నారు. ఆ పిలుపు ఒంటికి మెత్తటి దుప్పటిలా ఉంది.

అక్కడ పెత్తనమంతా మేడంది. జుట్టుకి బట్టల క్లిప్పు పెట్టుకుని, ప్యాంటు మీద రెట్ట మరకలతో తిరిగే మనిషి. నోరు కరుకు, చేతులు మాత్రం వెన్న. వలలు కట్టి, వాటిలో చిక్కిన పిట్టల్ని విడిపించి తెచ్చే పెద్దాయన్ని అందరూ వలల మామ అంటారు. రెల్లు మధ్య కళ్ళకి ఆనని సన్నటి వలలు ఉంటాయి. మామ పిట్టని విడిపించి గుడ్డసంచిలో వేసి తెస్తాడు. బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు కాలికి నంబరున్న రింగు తొడిగి, రెక్క కొలిచి, పొట్ట మీద ఈకల్ని ఉఫ్ మని ఊది కొవ్వు చూసి, తూకం వేసి, కిటికీలోంచి వదిలేస్తారు. మళ్ళీ ఎప్పుడైనా, ఎక్కడైనా ఆ పిట్ట దొరికితే ఆ నంబరే దాని కథ చెబుతుంది.

ఆమె సంచులు మోసింది, కొక్కేలకి తగిలించింది, చెప్పింది రాసింది. పిట్టని పట్టుకోవడమూ నేర్చుకుంది. దాని వీపు మన అరచేతికి ఆనాలి, మెడ చూపుడువేలికీ నడిమివేలికీ మధ్య ఉండాలి, ఎక్కడా నొక్కకూడదు. మేడం పక్కనుంటే అన్నీ బాగానే వచ్చేవి. కొలతలన్నీ అయ్యాక పిట్టని వదిలే పని మాత్రం మేడమే చేసేది.

"ఎల్లుండి నుంచి నువ్వొక్కదానివే బల్ల దగ్గర కూర్చోవాలి" అంది మేడం. "చేతకాదనుకుంటే ఇప్పుడే చెప్పు, ఇంకొకర్ని పిలిపిస్తా. నన్ను మొహమాటపెట్టొద్దు."

"చేస్తాను మేడం" అంది.

ఆ ఎల్లుండి రానే వచ్చింది. మామ ఒక సంచి తగిలించి మళ్ళీ వలల దగ్గరికి వెళ్ళిపోయాడు. మేడం వంటగదిలో ఉంది. సంచిలో అగ్గిపెట్టెంత గోధుమరంగు పిట్ట. ఆమె వేళ్ళకింద దాని గుండె కుట్టుమిషనులా కొట్టుకుంటోంది. రింగు తొడిగింది, రెక్క కొలిచింది, ఊదింది, తూచింది. ఒక్కటీ తప్పు పోలేదు. చివరికి కిటికీ బయటికి చెయ్యి చాచి, ఎవరికైనా ఏదైనా ఇచ్చేటప్పుడు ఎలా ఇస్తామో అలా, అరచెయ్యి పైకి పెట్టి వేళ్ళు విప్పింది.

పిట్ట ఎగరలేదు.

కాళ్ళు పైకి పెట్టి, వెల్లకిలా, కదలకుండా పడుంది. ఆమె "వెళ్ళు" అంది. "వెళ్ళమ్మా" అంది. ఉలుకూ లేదు పలుకూ లేదు.

అయిపోయింది. చిలక, చేపలు, ఇప్పుడిది. ఇంట్లోవాళ్ళు అన్నదే నిజం. కిటికీ కిందే రెల్లు దుబ్బులు దట్టంగా ఉన్నాయి. చెయ్యి కాస్త వంచితే చాలు, చూసే నాథుడు లేడు. 'ఎగిరిపోయింది' అని రాసేస్తే అడిగేవాళ్ళు ఉండరు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. రెండో చెయ్యి కింద పట్టుకుని, నిండుగిన్నె మోస్తున్నట్టు అడుగులో అడుగు వేసుకుంటూ వంటగదికి నడిచింది.

మేడం టీ వడగడుతోంది.

"నా చేతిలో పోయింది మేడం" అంది. "నా చేతులే అంత. ముందే చెప్పాల్సింది. మధ్యాహ్నం బస్సుకి వెళ్ళిపోతాను."

మేడం వడకట్టు పక్కన పెట్టి తొంగి చూసింది. "చెయ్యి తిప్పు."

"కింద పడిపోతుంది మేడం."

"తిప్పమన్నానా!"

కళ్ళు మూసుకుని తిప్పింది. బుర్రుమంది. కళ్ళు తెరిచేసరికి చెయ్యి ఖాళీ. పిట్ట గది చుట్టూ గింగిరాలు కొట్టి, గిన్నెల అర మీద వాలి, సరిగ్గా కింద ఉన్న టీగిన్నెలో రెట్ట వేసింది.

"బతికే ఉన్నానని సంతకం పెట్టింది చూడు" అంటూ మేడం లైటు ఆర్పి, వాకిలి తలుపు బార్లా తీసింది. పిట్ట వెలుగు చూసుకుని తుర్రుమంది.

ఆమె అక్కడే గచ్చు మీద చతికిలబడి ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. గుండె మీంచి బండ దించినట్టయింది.

"వెల్లకిలా ఉన్నంతసేపూ వదిలేశామని దానికి తెలీదు. ఇంకా పట్టుకునే ఉన్నామనుకుంటుంది" అంది మేడం పక్కన కూర్చుంటూ. "తిప్పి వదలాలి. అది నీకు చెప్పకపోవడం నా తప్పు. కొత్తవాళ్ళందరూ చేసేదే. నేనైతే నా మొదటి సీజన్లో చెంచాతో గొయ్యి తవ్వాను."

"గొయ్యా?"

"ఆఁ. ఏడ్చుకుంటూ పడుకోబెట్టి, మట్టి వెయ్యడానికి పక్కకి దొర్లించానో లేదో, గోతిలోంచి లేచి ఎగిరిపోయింది. నాకు జ్వరమొచ్చింది. సరే లే, టీ మళ్ళీ పెట్టు. మధ్యాహ్నం బస్సు సంగతి తర్వాత చూద్దాం."

బస్సు సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అయినా ఆమెకి రాత్రుళ్ళు ఒక ముల్లు గుచ్చుతూనే ఉంది. ఎగిరితే ఎగిరింది, తర్వాత ఏమైందో? తన చేతివేడికి తాళలేక ఏ రెల్లుపొదలోనో ఒరిగిపోలేదు కదా? ఆ రింగు నంబరు మరిచిపోదామన్నా మరపు రాలేదు.

గాలి మారింది. వలసపిట్టలు గుంపులుగా దిగుతున్నాయి. ఒక పొద్దున మామ కొక్కేల నిండా సంచులు తగిలించాడు. ఆమె మూడో సంచిలో చెయ్యి పెట్టి, పిట్టని పట్టుకుని కాలు చూసింది. రింగు ఉంది. వెలుతురుకి తిప్పి నంబరు చదివింది. అదే. మళ్ళీ చదివింది. అదే.

పొట్ట మీద ఊదింది. మొన్న ఎర్రటి చర్మం తప్ప ఏమీ లేనిచోట ఇప్పుడు పసుపుపచ్చటి కొవ్వు. తూకం మిషను మీద పెట్టింది. అంకె చూసి నమ్మలేక దించి, మళ్ళీ పెట్టింది. అప్పటికంటే చాలా ఎక్కువే ఉంది.

కిటికీ బయటికి చెయ్యి చాచి, బోర్లా తిప్పి వదిలింది. అది వెనక్కి చూడకుండా రెల్లులోకి దూసుకుపోయింది. ఆమె మాత్రం కిటికీ దగ్గరే నిలబడిపోయింది. చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి.

మామ ఇంకో సంచి తెచ్చి చూశాడు. "ఏమైందమ్మా?"

"బరువు పెరిగింది మామా."

"ఎవరు?"

"పిట్ట. నేను పట్టుకున్న పిట్ట."

మామ ఆమె వైపు అయోమయంగా చూశాడు. "పెరక్కేం చేస్తుంది? ఈ కాలంలో దోమలన్నీ దానివేగా" అని, ఆమె ఖాళీ చేతిలో సంచి పెట్టి, వలల దగ్గరికి వెళ్ళిపోయాడు.