కుందేలు చెవుల ముడి

బక్కోడి అరచేతిలో సూది దిగిన చప్పుడు ఎవరికీ వినపడలేదు. ఈలయ్య ఈల మాత్రం మూడంతస్తులకూ వినపడింది. సూపర్‌వైజరు ఈలయ్య పుట్టినప్పుడు ఏడవలేదట, ఈల వేశాడట. పురుడు పోసినామె ఉలిక్కిపడి వరసలో నిలబడిందట. నమ్మితే నమ్మండి.

"పని ఆపిందెవడ్రా?"

"నేనేనయ్యా. సంచిలోంచి సూది గుచ్చుకుంది."

చిరుగుల చేతితొడుగులోంచి నెత్తురు బొట్లుబొట్లుగా కారుతోంది.

అది ఆసుపత్రి కింద నేలమాళిగ. కిటికీ లేదు. పన్నెండు మంది పొద్దున్నే తలా ఒక వార్డులో చెత్త సంచులు కట్టి కిందికి తెస్తారు. మధ్యాహ్నం దాకా కూర్చుని, కాంట్రాక్టరు అమ్ముకోవడానికి సీసాలూ గొట్టాలూ ఏరుతారు. అంతసేపూ తలుపుకు బయట తాళం. దొంగల భయమట! నెత్తుటి దూది ఎత్తుకుపోయే దొంగ ఏ లోకంలో ఉన్నాడో కాంట్రాక్టరుకే తెలియాలి. లోపల గాలి ఎంత చిక్కనంటే, విప్పిన చొక్కా కొక్కెం లేకుండానే నిలబడుతుందని బక్కోడు అనేవాడు.

ఒకప్పుడు సూదులకు ప్రతి వార్డులో తెల్లటి గట్టి డబ్బా ఉండేది. నెత్తుటి దూదికి పసుపు సంచి, ప్లాస్టిక్‌కు ఎర్ర సంచి. ఈ కాంట్రాక్టరు వచ్చాక డబ్బాలు మాయమయ్యాయి, రంగులన్నీ కలిసి ఒకే నల్ల సంచి అయ్యాయి. ఏరగా మిగిలింది పెరట్లో ఇనుప పీపాలో తగలబెడతారు. ఆ పొగ తిన్నగా పిల్లల వార్డు కిటికీలోకి పోతుంది. మందు ఇచ్చేదీ, దగ్గు ఇచ్చేదీ ఒకే ఆసుపత్రి.

ఈలయ్య ఆ సంచిని ఎత్తి మూతి చూశాడు. ఆ పన్నెండు మందిలో ఎవరి ముడి వాళ్ళది. చేతిరాతలాగే, చూడగానే తెలిసిపోతుంది. దీని ముడికి రెండు కొసలూ కుందేలు చెవుల్లా నిక్కబొడుచుకుని ఉన్నాయి.

"పెద్దక్కా! నీదేగా? సొంత మరిదికే పొడిచావే తల్లీ!"

పెద్దక్క సంచిని తన వైపు లాక్కుంది. పొద్దున వార్డు ట్రేలో సూదులు చూసింది. డబ్బా లేక కాగితంలో చుట్టి సంచిలో వేసింది. ముడి తన చేతిదే. చెయ్యి మరిదిది.

పై వార్డు నర్సు పరుగున వచ్చి చెప్పింది. "రోగి నెత్తుటి సూది, ఎయిడ్స్ సోకకుండా మాత్రలు ఇవాళే మొదలెట్టాలి. మూడు రోజులు దాటితే లాభం లేదు. ప్రమాదం చీటీ రాయించండి, అది లేకుండా మందుల గదిలో ఇవ్వరు."

కాంట్రాక్టరు వచ్చి గుమ్మంలోనే ముక్కు మూసుకున్నాడు.

"చీటీ రాస్తే డబ్బాలేవని అడుగుతారు. కాబట్టి పెద్దక్కా, డబ్బా ఉన్నా నేనే సంచిలో వేశానని రాసి సంతకం పెట్టు. నీ ఉద్యోగం పోతుంది, వీడికి చీటీ వస్తుంది. రేపు పొద్దున్న దాకా టైము."

తలుపు మూశారు. తాళం పడింది.

"పెడతాను," అంది పెద్దక్క. "నా చేత్తో జరిగింది."

"పెట్టెయ్," అంది అందరికన్నా పెద్దదైన బామ్మ. "నీ తప్పుకు మా అందరి నోటి కాడ కూడు పోవాలా?"

"నువ్వు సూదులు ఎందులో వేస్తున్నావు బామ్మా?" అన్నాడు బక్కోడు, చేతికి గుడ్డ చుట్టుకుంటూ. "జడలో తురుముకుంటున్నావా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. బామ్మ నవ్వలేదు.

"సంచిలోనే. ఇంకెక్కడ వేసేది?"

"మా వదిన సూది నాకు దక్కింది. నీది ఎవరికి దక్కుతుందో! సంతకం పెడితే డబ్బాలు ఇక రావు. పెట్టకు వదినా."

"మాత్రలో?"

ఆ మాట మీద గంటసేపు అరుచుకున్నారు. పై వాళ్ళ కాళ్ళు పట్టుకుందామని ఒకరు, పని మానేద్దామని ఒకరు. మానేస్తే రేపే కొత్తవాళ్ళను తెస్తాడని ఇంకొకరు. తిరిగి తిరిగి మాట తాళం దగ్గరే ఆగేది.

చివరికి బామ్మ ఖాళీ సంచి ఒకటి పెద్దక్క ఒళ్ళో పడేసింది.

"ఆ చెవులు ఎలా మెలేస్తావో చూపించవే."

మర్నాడు పొద్దున పన్నెండు మందీ వట్టి చేతులతో దిగారు. అలవాటు మనిషి ఈలయ్య, చూడకుండానే తాళం వేశాడు. లోపల తుప్పుపట్టిన గడియ ఒకటుందని అందరూ మరిచిపోయిన కాలమది. బామ్మ సబ్బునీళ్ళు పోసి దాన్ని బిగించింది.

పైన మెట్ల మీద సంచులు, లిఫ్టులో సంచులు, ఆసుపత్రి సూపరింటెండెంటు గుమ్మంలో గోడకట్టినట్టు సంచులు. అన్నిటికీ కుందేలు చెవులే. ఈలయ్య లెక్క మొదలెట్టి మూడుసార్లు తప్పాడట. నాలుగోసారి చెవులు అతన్ని చూసి ఊగాయట.

ముడి పెద్దక్కదని ఈలయ్య చెప్పాడు. "ఇన్ని సంచులూ ఒక్కతే కట్టిందా?" అని సూపరింటెండెంటు గద్దించాడు.

"మూడు నేను కట్టాను సార్," అంది నర్సు. "డబ్బాలు లేక రెండు నెలలైంది. అదీ రాయండి."

తాళం తీశారు. తలుపు రాలేదు.

"గడియ తియ్యండ్రా!" అని కాంట్రాక్టరు తలుపు బాదాడు.

"దొంగల భయమండీ!" అన్నాడు బక్కోడు లోపల్నుంచి.

మధ్యాహ్నానికి వాసన ఆఫీసు గది దాకా పాకింది. అప్పుడు తలుపు కింద సందులోంచి సూపరింటెండెంటు సంతకం పెట్టిన ప్రమాదం చీటీ లోపలికి జారింది. దాని వెనకే నర్సు వేళ్ళు మాత్రల అట్టను లోపలికి తోశాయి. బక్కోడు నీళ్ళు లేకుండానే మింగాడు. అట్టలో మిగిలినవి పెద్దక్క లెక్కపెట్టింది.

"ఇక తియ్యండి," అన్నాడు సూపరింటెండెంటు.

"డబ్బాలు?" అంది పెద్దక్క.

"తర్వాత చూద్దాం."

గడియ కదల్లేదు.

సాయంత్రం పోలీసులు దాన్ని విరగ్గొట్టారు. ఇన్‌స్పెక్టరు ఒక సంచి పైకెత్తి అడిగాడు.

"ఈ ముడి ఎవరిది?"

"నాది," అంది పెద్దక్క.

"నాది," అంది బామ్మ. "దానిదైతే ఇంత అందంగా ఉంటుందా?"

"నాది," అన్నాడు బక్కోడు. తక్కినవాళ్ళూ అదే మాట.

అందరినీ వ్యాన్‌లోకి తోశారు. మళ్ళీ బయటనుంచే తాళం. ఈసారి లోపల గడియ లేదు. పెద్దక్క ఇనుప జాలికి ముఖం ఆనించింది. పెరటి పీపాలో నిన్నటి చెత్త పొగ మానలేదు.

వ్యాన్ లాండ్రీ షెడ్డు ముందు మలుపు తిరిగింది. నెత్తుటి దుప్పట్లలో చుట్టుకొచ్చే సూదులు రోజూ ఆ షెడ్డు వాళ్ళ చేతుల్లోనే దిగేవి. వాళ్ళకు ఎవరూ ఏమీ నేర్పలేదు. గుమ్మంలో విప్పని మూటలు నడుమెత్తున పేరుకుని ఉన్నాయి.

ఒక్కో మూటకూ రెండేసి చెవులు నిక్కబొడుచుకుని ఉన్నాయి.