మునిమాపు వెలుగు

తెల్లవారగానే ఎర్రిస్వామి వెదురుకట్టె కొనతో చావిడి స్తంభం మీది స్విచ్చు నొక్కి ఊరి లైట్లు ఆర్పాడు. కట్టె భుజాన వేసుకుని ఇంటికి నడిచాడు. అతని కుడి అరచేతిలో ఎప్పుడో కరెంటు కాల్చిన మచ్చ నల్లగా, గట్టిగా ఉంటుంది. పెళ్లయిన ఏడాదే పంచాయతీలో ఈ వీధిలైట్ల పని దొరికింది. అప్పటినుంచి పొద్దు గూకే వేళ ఇంట్లో ఉన్నది లేదు.

భార్య బయమ్మ అరుగు మీద కూర్చుని ఆయాసపడుతోంది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పాడు.

"ఈ పొద్దు కొత్త పెట్టె బిగిస్తారంట గదా. లైట్లు అదే ఏసుకుంటాదంట."

"ఆ."

"అట్లయితే మాపున ఇంటికాడ ఉండు మామా. దీపం నువ్వే ముట్టించు. ఒక్కనాడన్నా జూస్తా."

"దీపానికి గూడా నేనే కావల్లనా నీకు?" అని నవ్వాడు. "వస్తాలే."

మధ్యాహ్నం ఎలక్ట్రీషియన్ ఉదయ్ కుమార్ బైకు మీద వచ్చి చావిడి స్తంభానికి పెట్టె బిగించాడు. దాని మీద ఇంగ్లీషు అక్షరాలున్నాయి.

"ఏమని రాసినారప్పా?"

"డస్క్ టు డాన్ అని. పొద్దు మునిగినంక, చీకటి పడేలోగా ఉంటాది చూడు, అది డస్క్. తెల్లారేది డాన్. ట్విలైట్ అని ఇంగో మాట ఉండాదిలే. దాన్ని తెల్లారుజాముకూ వాడతారు, మాపుకూ వాడతారు. డస్క్ మాత్రం మాపుకే."

"అంత తెలివి ఉండాదా దీనికి? వాన మోడాలు కమ్మినా ఎలుగుతాదా?"

"మనకు మోడాలు యాడ వస్తాయి లేన్నా!" ఉదయ్ కుమార్ నవ్వుతూ సామాను సర్దుకున్నాడు. "ఇంగ నువ్వు కాళ్లు సాపుకొని ఇంట్లో పడుకో."

ఆ మాట ఎర్రిస్వామికి గుచ్చుకుంది. ఉదయ్ కుమార్ వెళ్లిపోయినా, కట్టె పట్టుకుని సాయంత్రందాకా స్తంభం దగ్గరే నిలబడ్డాడు. గొర్రెలు దుమ్ము లేపుకుంటూ ఊళ్లోకి వచ్చాయి. ఎండిన వేరుశనగ చేల మీద ఎరుపు తగ్గి బూడిదరంగు పరుచుకుంది. ఇన్నేళ్లూ అతను ఈ వెలుగును చూడలేదు. చీకటి ఎంత దూరంలో ఉందో మాత్రమే చూసుకున్నాడు.

పక్కింటి లక్ష్మక్క పాలచెంబుతో పోతూ ఆగింది.

"ఏం ఎర్రిసామీ, స్తంభానికి కాపలానా? ఆయమ్మ నీకోసరం వాకిలి జూస్తాంది, పో."

"పోతాండాలే. వెలిగేది జూసి పోతా."

వెలిగాయి. ఎవరూ తాకకుండానే, ఊరంతా ఒక్కసారిగా. ఒక్కటైనా వెలగకుండా ఉంటుందేమోనని ఊరి చివరిదాకా నడిచి చూశాడు. ఒక్కటీ తప్పలేదు.

ఇంటికి వచ్చేసరికి బయమ్మ గుంజకు ఆనుకుని కళ్లు మూసుకుని ఉంది.

"ఏమే, మునిమాపేళ నిద్రపోతారా ఎవరన్నా?"

భుజం తట్టాడు. తల పక్కకు వాలిపోయింది. చెయ్యి పట్టుకుంటే ఇంకా వెచ్చగానే ఉంది.

కట్టె కింద పెట్టి, ఆమె పక్కనే కూలబడ్డాడు. వీధిలైటు వెలుతురు గడప దాటి దీపం గూటిదాకా పోయింది. అక్కడ కడిగి పెట్టిన ప్రమిదలో వత్తి నూనెకు నానుతోంది. పక్కన, అతని చేతికి అందేలా, ఒక పుల్ల సగం బయటికి లాగి పెట్టిన అగ్గిపెట్టె.