వరండాలో మూడు చుక్కలు

ఆదివారం పొద్దున సారలమ్మ బకెట్టూ గుడ్డా పట్టుకుని వరండా తుడవడానికి వచ్చేసరికి, ఆమె కంటే ముందే అత్తగారు లింగమ్మ అక్కడ నిలబడి ఉంది. నాపరాళ్ళ మీద, పడక కుర్చీకీ గుమ్మానికీ మధ్య, ఎర్రగా మూడు చుక్కలు. లింగమ్మ వాటిని చూసింది. తర్వాత కోడల్ని కింది నుంచి పైదాకా చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందే, ముట్టయినవా? సోయి లేకుంట ఇల్లంత తిరిగినవ్. పో, ఎనక వరండల చాప ఏసుకొని కూసో. మూడొద్దులు పొయ్యి కాడికి రాకు."

"నేను కాలే అత్తమ్మా."

"నువ్వు కాకుంటె నేనయితనా, యాభై ఏండ్లు దాటినంక?"

లింగమ్మ లెక్కలో ఆ ఇంట్లో ఆడవాళ్ళు ఇద్దరే. మూడో ఆడది పడక కుర్చీ కింద తీరిగ్గా కూర్చుని తనను తాను నాకి శుభ్రం చేసుకుంటోంది. దాని పేరు క్వీనీ. అల్సేషన్ కుక్క. ఆ రోజే యూనివర్సిటీ మైదానంలో కుక్కల పోటీలు.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ చాపలూ దూరాలూ లింగమ్మ పుట్టి పెరిగిన ఆచారాలేమీ కావు. జనగామ పక్క పల్లెలో ఉన్నన్నాళ్ళూ ముట్టయిన రోజు కూడా మోకాలి లోతు బురదలో దిగి నాట్లు వేసిన మనిషే. కొడుకు రాజలింగం కెమిస్ట్రీ లెక్చరరై తార్నాకలో యూనివర్సిటీ క్వార్టర్సు ఇచ్చాక, చుట్టుపక్కల పెద్దింటి ఆడవాళ్ళను చూసి పెద్దింటి వాళ్ళం కావాలంటే ఇవన్నీ ఉండాలని నేర్చుకుంది. కొత్తగా నేర్చుకున్న వాళ్ళకు పట్టింపు ఎక్కువ. కూర్చోవలసింది మాత్రం కోడలు.

సారలమ్మకు కుక్క మీద కుళ్ళు. దాచేదేముంది, అచ్చమైన కుళ్ళు. మనిషై పుట్టి కుక్క మీద కుళ్ళేమిటని నవ్వేవాళ్ళు నవ్వనీండి. క్వీనీకి పళ్ళు ఎప్పుడు ఊడాయో, ఎప్పుడు మళ్ళీ వచ్చాయో, ఏ తారీఖున ఎదకు వచ్చిందో రాజలింగం ఒక డైరీలో ఇంగ్లీషులో రాసుకుంటాడు. పోయిన వానాకాలం సారలమ్మకు ఎనిమిది రోజులు జ్వరమొస్తే తొమ్మిదో రోజు, "ఇయ్యాల అన్నం ఎవలు వండుతున్నరు?" అని అడిగాడు. క్వీనీకి ఎముకలు ఉడకబెట్టేది సారలమ్మ. జొన్నరొట్టె చల్లార్చి పాలలో తుంచి పెట్టేది సారలమ్మ. చెవుల వెనక గోమార్లు ఏరేది సారలమ్మ. సాయంత్రం కాగానే గొలుసు పట్టుకుని కుక్కతో షికారు వెళ్ళేది మాత్రం ఆయన. రోజూ క్యాంపస్ అంతా తిరిగి, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కాసేపు కూర్చుని వస్తారు ఇద్దరూ. సారలమ్మ తార్నాకకు కాపురానికి వచ్చి నాలుగేళ్ళు. ఆర్ట్స్ కాలేజీని బస్సు కిటికీలోంచి రెండుసార్లు చూసింది. అరగంట నడక, అంతే. ఒకసారి, "నేను గూడ రానా?" అని అడిగింది.

"నలుగురు లెక్చరర్లు ఎదురైతరు. ఏం మాట్లాడ్తవ్ వాళ్ళతోని? కుక్కయితే తోకూపి ఊకుంటది" అన్నాడు రాజలింగం. అన్న వెంటనే మరిచిపోయాడు కూడా. ఆమె మరిచిపోలేదు. రాత్రి అంట్లు తోముతున్నప్పుడు, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నప్పుడు ఆ మాట వచ్చి పక్కన కూర్చునేది.

అలాంటిది ఈ పోటీల్లో ఆమెకు ఒక చోటు దొరికింది. పోటీల కార్డు మీద అచ్చువేసిన ఆటల్లో ఒకటి 'లేడీస్ రౌండ్'. అందులో ఆడవాళ్ళే కుక్కను పట్టుకుని మైదానం చుట్టూ నడిపించాలి. తోటి లెక్చరర్ల భార్యలు పేర్లిస్తుంటే ఊరుకోలేక రాజలింగం కూడా 'మిసెస్ రాజలింగం' అని రాయించి వచ్చాడు. పేరు తనది కాకపోయినా నడక తనదే కదా అనుకుంది సారలమ్మ. ఇరవై రోజులు, మధ్యాహ్నం అత్తగారు కునుకు తీసే వేళ, పెరట్లో జామచెట్టు చుట్టూ కుక్కతో నడిచింది. గొలుసు ఎడమ చేతిలో, వదులుగా. తాను ఆగితే అదీ ఆగాలి, కూర్చోవాలి. లాగకూడదు. పదో రోజుకల్లా క్వీనీ ఆమె మోకాలు పక్కనే నడవడం నేర్చుకుంది. ఆకుపచ్చ వెంకటగిరి చీర ఇస్త్రీ చేసి పరుపు కింద పెట్టుకుంది. ఇప్పుడు ఈ మూడు చుక్కలు.

రాజలింగం గడ్డానికి నురగతోనే బయటికి వచ్చాడు.

"నాది కాదు. క్వీనీది. మీరే సూడుండ్రి" అంది సారలమ్మ గొంతు తగ్గించి.

ఆయన తువ్వాలుతో కుక్క తోక ఎత్తి చూశాడు. మొహం వాడిపోయింది. లోపలికి పోయి డైరీ తెచ్చాడు. డైరీ ప్రకారం ఎద రావలసింది మార్చిలో. ఇది జనవరి. లెక్క తప్పినందుకు కాసేపు డైరీ మీద కోప్పడి, కార్డు తిప్పి నిబంధనలు చదివాడు. ఎదకు వచ్చిన ఆడకుక్కలను పోటీలకు తేరాదు. లింగమ్మ వంటింట్లోకి వెళ్ళిందని చూసుకుని భార్య దగ్గరికి వచ్చాడు. అంత దగ్గరగా వచ్చి మాట్లాడి ఎన్నాళ్ళయిందో.

"అమ్మకు చెప్పకు."

"ఏమని?"

"ఇది క్వీనీదని. అమ్మ నోట్ల నువ్వుగింజ నానదు. పక్కింటి సూర్యనారాయణ కమిటీల ఉన్నడు, పది నిమిషాలల్ల ఆయనకు తెలుస్తది. ఆరు నెల్ల సంది కష్టపడ్డ నేను. నీదే అనుకోనీ. ఏం పోయింది? మూడు దినాలు కూసుంటె నీకు గూడ రెస్టు."

"మరి లేడీస్ రౌండు?"

"అరుంధతి గారు పట్టుకుంటరు. ఫికర్ చెయ్యకు."

ఆలోచించుకోవడానికి ఆయనకు అరక్షణం కూడా పట్టలేదు. అదే మండింది సారలమ్మకు. పేరు నాలుక చివరే ఉన్నట్టుంది. అరుంధతి బోటనీలో డిమాన్‌స్ట్రేటరు, బౌద్ధనగర్ నుంచి వస్తుంది. రెండుసార్లు ఇంటికి టీకి వచ్చింది. క్వీనీతో ఇంగ్లీషులో ముద్దుగా మాట్లాడింది. ఆ రోజు రాజలింగం లేచి టేబుల్ ఫ్యాను ఆమె వైపు తిప్పాడు. చేతికి సన్నటి గడియారం, తెల్లటి చీర, నవ్వితే తల వెనక్కి వాల్చి నవ్వే అలవాటు. తెల్లచీర కట్టి నిర్భయంగా బయట తిరిగే మనిషిని చూస్తే సారలమ్మ కళ్ళు ఆ చీర మీదే ఉండిపోయేవి. తన కుక్కను, అవును, తన కుక్కనే, ఇప్పుడు ఆమె నడిపిస్తుంది.

రాజలింగం పర్మాంగనేట్ నీళ్ళతో దూది తడిపి కుక్కను తుడిచాడు. ఎంత సుతారంగా తుడిచాడని. గేటు దగ్గర సూర్యనారాయణ, "మీ మిసెస్ రావడం లేదా?" అని అడిగితే, "లేదండీ, ఆమెకు ఇయ్యాల... వీలుకాదు" అని ఒక రకంగా నవ్వాడు. సూర్యనారాయణ అర్థమైనట్టు దగ్గి తల తిప్పుకున్నాడు. వెనక వరండాలో చాప మీద ఆమెకు ఆ మాటా వినపడింది, ఆ దగ్గూ వినపడింది. రిక్షాలో కుక్క సీటు మీద కూర్చుని వెళ్ళిపోయింది.

సారలమ్మ చాప అంచు పుల్లలు పీకుతూ కూర్చుంది. కుక్క నెత్తురు తన పేరు మీద రాసి పోయాడాయన. లింగమ్మ దూరం నుంచి మంచినీళ్ళ చెంబు తోసి, పక్కింటికి కబుర్లకు పోయింది. పదకొండు గంటలకు లేడీస్ రౌండు. అరుంధతి గొలుసు ఏ చేత్తో పట్టుకుంటుంది? లాగుతుందా? క్వీనీ ఆమె మోకాలు పక్కన కూడా అలాగే నడుస్తుందా? ఈ చివరి ప్రశ్న వచ్చాక ఇక సారలమ్మ చాప మీద ఉండలేకపోయింది. లోపలికి వెళ్ళి పరుపు కింది చీర తీసి కట్టుకుంది. పెరటి తలుపు తీసుకుని నడవడం మొదలుపెట్టింది. న్యాయం అడగడానికి కాదు. చూడటానికి. కుళ్ళుతో వెళ్ళింది, అంతే.

మైదానంలో షామియానా, లౌడ్‌స్పీకరు, సమోసాల వాసన. ఒక బొచ్చుకుక్క ముక్కు మీద బిస్కెట్టు పెట్టుకుని యజమాని చిటిక వేసేదాకా కదలకుండా కూర్చుంటే జనం చప్పట్లు కొడుతున్నారు. గౌన్లు, టోపీలు తొడిగిన కుక్కపిల్లలను చంకనెత్తుకుని ఆడపిల్లలు తిరుగుతున్నారు. సారలమ్మ షామియానా వెనక తాడు దగ్గర నిలబడింది. అప్పుడే లేడీస్ రౌండు పిలిచారు. ఏడుగురు ఆడవాళ్ళు, ఏడు కుక్కలు. నాలుగో మనిషి అరుంధతి.

కుడిచేత్తో పట్టుకుంది. లాగుతోంది. సారలమ్మ ఎడమచెయ్యి తనకు తెలియకుండానే బిగుసుకుంది. క్వీనీ నాలుగడుగులు వేసి మొండికేసింది. అరుంధతి దాని ముందు గొంతుకూర్చుని బతిమాలింది, చీర చుట్టూ నేల మీద పరుచుకుంది. క్వీనీ గిర్రున తిరిగి ఆమె వెనక్కి వెళ్ళి ఆ చీర మీదే చతికిలబడింది. ఇంతలో వెనక ఉన్న మగకుక్కలు రెండు మోరలెత్తి గొలుసులు తెంపుకునేలా గుంజసాగాయి. అరుంధతి కంగారుగా లేచింది. తెల్లచీరకు వెనక వైపు అరచేతంత ఎర్రమరక.

ముందు వరసలోని ఆడవాళ్ళు చూశారు. ఒకామె లేవబోయి మళ్ళీ కూర్చుంది. మగవాళ్ళు చూశామని తెలిసేలా తలలు తిప్పుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. అరుంధతి వెనక్కి చూసుకుంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. గొలుసు వదిలేసి రెండు చేతులా కొంగు వెనక్కి లాక్కుంది. అది తనది కాదని ఆమెకూ తట్టలేదు. ఏ ఆడదైనా ముందు తననే అనుమానించుకుంటుంది.

సారలమ్మకు ఒక్క క్షణం కడుపు చల్లబడింది. అబద్ధమెందుకు, హాయిగా ఉంది. తెల్లచీర కట్టుకుని తిరిగావు కదా, అనుకుంది.

తర్వాత భర్త వైపు చూసింది. రాజలింగం పది అడుగుల దూరంలోనే ఉన్నాడు. అంతా చూశాడు. అది కుక్కదని ఒక్క మాట అంటే చాలు. ఆయన జేబులోంచి రుమాలు తీసి, కళ్ళజోడు తీసి, అద్దాలు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. మెల్లగా, ఒక అద్దం తర్వాత ఇంకొకటి. ఆమె వైపు ఫ్యాను తిప్పిన మనిషి కూడా ఇంతే. మరక ఎవరి మీద పడినా ఆయనకు ఒకటే, తన మీద పడకపోతే చాలు.

సారలమ్మ తాడు కింద నుంచి దూరి మైదానంలోకి నడిచింది. పోటీలకు తీర్పరి పశువుల డాక్టరు వీరస్వామి. నెరిసిన మీసాలాయన. నేరుగా ఆయన ముందుకు వెళ్ళింది.

"సార్, ఆ మరక ఆమెది కాదు. మా కుక్కది. పొద్దుగాల మా వరండల గూడ పడ్డది."

ముందు వరసకు వినపడేంత గట్టిగానే అంది. వీరస్వామి వంగి కుక్కను చూసి లేచాడు.

"ఎదకొచ్చింది. రాజలింగం గారూ, మీకు తెలియదా?"

"లేదండీ, ఇప్పుడే..."

"పొద్దుగాలనే తెలుసు" అంది సారలమ్మ. "నాది అని ఊకొమ్మన్నరు."

కిసుక్కుమన్న మనిషి ఎవరో గాని మళ్ళీ నవ్వలేదు. మరక కనపడకుండా సారలమ్మ అరుంధతి వెనకే నడుస్తూ ఆమెను షామియానా చాటున ఉన్న కుళాయి దగ్గరికి తీసుకెళ్ళింది. చల్లటి నీళ్ళతో మరక ఉన్నంత మేర చీర తడిపి, చేతులతో నలిపింది. ఈ పని ఆమెకు బాగా తెలుసు.

"రేపు క్లాసులోకి ఎలా వెళ్ళేదాన్నండీ" అంది అరుంధతి. కొంగు భుజం మీదికి లాక్కుని, "ఆయన అక్కడే ఉన్నారు కదా" అంది.

"ఉన్నరు" అంది సారలమ్మ.

కుళ్ళంతా కొట్టుకుపోయిందని చెప్తే అది కథ అవుతుంది. ఆ సన్నటి గడియారాన్ని సారలమ్మ ఇంకా ఈర్ష్యగానే చూసింది. కాకపోతే ఆ చీర పిండుతుంటే అది కూడా తను రోజూ పిండే చీరలంత బరువే ఉందని తెలిసింది.

రాజలింగం క్వీనీని లాక్కుంటూ వచ్చాడు. పోటీల నుంచి పేరు కొట్టేశారు. "నలుగుట్ల ఇజ్జత్ తీసినవ్" అన్నాడు పళ్ళ మధ్య నుంచి. అరుంధతి అటు తిరిగి నిలబడింది, ఆయన వైపు చూడలేదు. అది గమనించి గొంతు మార్చాడు. ఇంటికి పోవాలి, అన్నం తినాలి, రేపు డిపార్ట్‌మెంటుకు పోవాలి. పెద్ద మనసు చేసుకున్నవాడిలా అన్నాడు.

"సరె, అయిందేదో అయింది. ఇంటికి పోంగనే నేనే అమ్మకు చెప్త, అది నీది కాదని. వంటింట్లకు రానిస్తది. సరేనా?"

సారలమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది.

"చెప్పకుండ్రి. నాదే అనుకోనియ్యుండ్రి. ఆమె అట్ల అనుకుంటుండంగనే పోయి పొయ్యి మీద ఎసరు పెడ్త."