గాజు బీరువాలో ముత్తాత

దొడ్డన్న తన ముత్తాతను బెంగుళూరులో కొనుక్కొచ్చి గాజు బీరువాలో నిలబెట్టినాడని, లోపల లైటు కూడా పెట్టించినాడని, ఎదురింటి చిన్నక్క రాయచెర్ల ఊరంతా చాటి చాటి, చివరికి కుమ్మరి సుంకమ్మ సారె దగ్గర కూలబడింది. ముత్తాతంటే మట్టి ముంతంట. మనిషి మొహమంట, తలపాగానే మూతంట, పెదాల్లోంచి పాలో నీళ్లో వంచుకునే కొమ్మంట, వెనక పిడి అంట. రెండు వందల ఏండ్లదని అంగడాయన చెప్పినాడంట.

"పేపరాయన వస్తాడంట రేపు. మీ మామగారి తాత చేసిన ముంతేనని నువ్వొచ్చి చెప్పాలంట. చెప్తే వంకకాడ మన్ను తవ్వుకోనిస్తాడంట," అంది చిన్నక్క.

సుంకమ్మకు మన్ను కావాలి. బంకమన్నున్న నేలంతా సోలార్ కంపెనీ కంచె లోపలికి పోయింది. మిగిలింది వంక పక్కనున్న దొడ్డన్న చేనొకటే. రెండు నెలలుగా సారె తిరగలేదు. ఇట్లాంటోడి కోసం ఒక అబద్ధం చెప్తే ఏం పోతుందిలే అనుకుంటూనే మరునాడు పోయింది.

దొడ్డన్న సోఫాకు ప్లాస్టిక్ కవరింకా తీయలేదు. నిన్నమొన్నటిదాకా గొర్రెల వెంట తిరిగిన మనిషి, చేన్లకు సోలార్ బాడుగ మొదలైన కాణ్ణుంచి గొర్రె వాసనకు ముక్కు మూసుకుంటాడు. చుట్టాలు నలుగురు, పావగడ పేపరాయన కూర్చునుండారు. దొడ్డన్న ముంతను బాలింత బిడ్డను తీసినట్టు తీసి ఆమె చేతిలో పెట్టినాడు.

"ముక్కు చూడండప్పా, మా వంశం ముక్కే. అంగట్లో చూస్తూనే గుర్తుపట్టినా. చెవి చీలిండాది చూస్తిరా? అది పాతకాలం గుర్తంట."

ముంత బూటు పాలిషు వాసన కొట్టింది. నలుపు అంగడాయన రుద్దింది. ఆ నలుపు కింద తలపాగా మడతలకు పూసిన ఎర్రమన్ను మాత్రం ఈ ఊరిదే. మీసం మీద సుంకమ్మ బొటనవేలు ఆగింది. ఐదు గీతలు, ఒక ఖాళీ, మళ్లీ రెండు గీతలు. ఆ గీతలు గీసిన పన్ను ఊడిన దువ్వెన ఇప్పటికీ ఆమె గూట్లోనే ఉంది.

గొర్రెలు కాసిన ఇండ్లల్లో పెద్దాయన పోతే ఇట్లాంటి ముంత చేయిస్తారు. పోయినాయన మొహమే తీర్చాలి. పదకొండో దినం కొడుకు దాంతో గొర్రెల దొడ్డిలో పాలు పోసి, దొడ్డి రాతికేసి పగలగొట్టాలి. కొడుకు చెయ్యే పగలగొట్టాలి, చేసిన చెయ్యి పగలగొట్టకూడదు. పగలని ముంతను ఎవరూ ఇంట్లో పెట్టుకోరు. మరి ఈయన లైటేసి పెట్టుకున్నాడు.

ఊఁ అంటే చాలు, రేపే పార తీసుకొని వంకకు పోవచ్చు. సుంకమ్మ చీలిన చెవిని ఇంకోసారి తడిమింది. అది పగులు కాదు. పచ్చిమన్ను మీద తానే ఈనెపుల్లతో చీల్చింది.

"మాట్లాడవేంది సుంకమ్మా? పేపరాయన రాసుకోవల్ల. మా ముత్తాతే కదా?"

ఆమె ముంతను టీపాయ్ మీద పెట్టి చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మీ నాయనేనప్పా. ఆ చెవి పొట్టేలు చీల్చింది, ఊరంతా చూసినాం. దినానికి చేయమని చెప్తివి. సోలార్ సంతకాలని పావగడ పోతివి, ముంతకు రాకనే పోతివి. ఏడాది చూసి పాత సామాన్లాయనకు ప్లాస్టిక్ బకెట్టుకు ఇచ్చేసినా. కన్న తండ్రి మొహం గుర్తుపట్టలేకపోతివి, ఇంక ముత్తాతనేం గుర్తుపడతావు? ఎత్తుకపోయి పగలగొట్టు."