‘సె’ అట్ట

సాయంత్రం బడిలో స్పానిష్ మాస్టారు కొన్ని వారాలుగా పళ్ల పేర్లు దాటి ముందుకు పోవడం లేదు.

తర్వాతి పాఠం మనిషి తనకు తాను చేసుకునే పనులది: కడుక్కోవడం, కూర్చోవడం, వెళ్లిపోవడం. దాన్ని ఆయన మనుషులతో ఆడించి చెప్పేవారు. ఒకరు క్రియ, ఒకరు ‘సె’ అనే చిన్న మాట. మామూలుగా ‘సె’ క్రియకు ముందు నడుస్తుంది. ఆజ్ఞాపిస్తే వెనక్కి ఉరికి వీపుకు అతుక్కుంటుంది. వద్దంటే మళ్లీ ముందుకొస్తుంది. ఏళ్ల తరబడి ‘సె’ అని రాసిన అట్ట మెడలో వేసుకున్నది మాస్టారి భార్య. ఆవిడ ఈమధ్యే పోయింది.

“మాస్టారూ, ఇంక పళ్లొద్దండీ! అరటిపండు కనిపిస్తే దణ్ణం పెట్టేస్తున్నా,” అన్నాడు క్లాసులో చదువుకునే బస్సు డ్రైవరు.

ప్రిన్సిపాల్ గుమ్మంలోంచే చెప్పింది. “ఈరోజు ఆ పాఠం అవ్వకపోతే క్లాసు వేరేవాళ్లకిస్తాను, అన్నయ్యగారూ. ఏమనుకోకండి.”

మాస్టారు బీరువాలోంచి అట్ట తీశారు. డ్రైవరు దాని దారంలో తల దూర్చాడు. దారం ఆవిడ మెడకు సరిపడా ముడేసుకున్నది. అట్ట అతని గడ్డం కింద ఇరుక్కుంది.

“ముడి విప్పుదామా అండీ?”

“వద్దు.”

“సరే,” అన్నాడు డ్రైవరు, నొక్కుకుపోయిన గొంతుతో.

మాస్టారే క్రియ. క్లాసులో ఇంకో విద్యార్థిని, దంతాల డాక్టరమ్మ, ఆజ్ఞలిచ్చింది. “సియెంతెసె!” కూర్చోండి! డ్రైవరు వెనక్కి దూకి మాస్టారి నడుం వాటేసుకున్నాడు. ఇద్దరూ ఒకే కుర్చీలో కూలబడితే కుర్చీ కుయ్యోమంది. “వాయాసె!” వెళ్లిపోండి! ఇద్దరూ అతుక్కునే వరండాలోకి పోయారు. ప్రిన్సిపాల్ ఎదురొచ్చింది.

“ఇదేం చోద్యమండీ?”

“జరగండి మేడమ్, ఆజ్ఞలో ఉన్నాం! డాక్టరమ్మా, వద్దనండి, వదిలేస్తాను!”

డాక్టరమ్మ తెల్లమొహం వేసింది. వద్దనడం మాస్టారు ఇంకా నేర్పలేదు. డ్రైవరు మొహం రంగు మారుతోంది.

“ఉవా,” అంది చివరికి. ద్రాక్ష. ఆమెకు వచ్చింది అదే.

ఇక అనాల్సింది మాస్టారే. ఆసుపత్రి మంచం పక్కన కూడా ఆయన నోట రాని మాట అది.

“నో సె వాయా,” అన్నారు. వెళ్లిపోవద్దు.

డ్రైవరు చేతులు వదిలి, బుద్ధిగా ఆయన ముందుకొచ్చి నిలబడ్డాడు. ప్రిన్సిపాల్ వెనుదిరిగింది.

మాస్టారు అతని మెడ వెనక ముడిని గోటితో వదులు చేయసాగారు. చాలాసేపు పట్టింది. ఆవిడ ముళ్లు ఎప్పుడూ అంతే.

“దారం కాస్త పొడుగ్గా కట్టుకోండి,” అన్నారు. “రేపు కూడా ఇదే పాఠం.”