సాలూరు టెలిస్కోపుకు బొట్టు

మా సాలూరులో కొత్త లారీ రోడ్డెక్కాలంటే అద్దానికి గంధం రాసి కుంకుమ పెట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు నలగాలి. టెలిస్కోపుకు చక్రాలు లేకపోవడం మా అదృష్టం. అద్దాలు మాత్రం ముందొకటి, వెనకొకటి ఉన్నాయి.

దాన్ని మా జూనియర్ కాలేజీకి కొనిచ్చినవాడు నరసింగరావు. పదిహేను లారీల ఆసామి, కాలేజీ కమిటీకి అధ్యక్షుడు. ఖగోళ పరిశోధనల గురించీ, అందులో ఉద్యోగాల గురించీ పిల్లలకు చెప్పడానికి ఆ సాయంత్రం యమున అనే శాస్త్రవేత్త వచ్చింది. మైదానంలో టెలిస్కోపును చందమామకు గురిపెట్టి, గంటసేపు మాట్లాడదామని వేదికెక్కింది. శాలువాలు, మెమెంటోలు, పెద్దల ప్రసంగాలు పోను ఆమెకు ఏడు నిమిషాలు మిగిలాయి.

పాపం, ఆ ఏడు నిమిషాల్లోనే చెప్పవలసింది చెప్పింది. ఇప్పటి ఖగోళ శాస్త్రవేత్తలు ఎక్కువగా కంప్యూటర్ల ముందే కూర్చుంటారట. ప్రోగ్రాములు రాసేవాళ్లూ, కెమెరాలు తయారుచేసేవాళ్లూ కూడా కావాలట. తమ సంస్థలో వేసవి శిక్షణకు మా కాలేజీ నుంచి ఒకరిని తీసుకుంటానంది.

"టెలిస్కోపులో ఏం కనిపిస్తే అది ఉన్నదున్నట్టు రాసివ్వండి. దాన్ని బట్టే సీటు."

"పింఛనుంటాదా మేడమ్?" అని వెనక నుంచి ఎవరి తండ్రో అడిగాడు. జవాబు చెప్పేలోపు ఆమెను ఫొటోలకు లాక్కుపోయారు.

ఈలోగా నరసింగరావు లారీ డ్రైవరు శివాజీ, యజమాని చెప్పినట్టే, టెలిస్కోపు రెండద్దాలకూ నిండుగా బొట్లు పెట్టాడు. నరసింగరావు కొబ్బరికాయ కొట్టి, మొదట తానే కన్ను ఆనించాడు.

"ఎర్రగా ఎలిగిపోతన్నాడు సెందమావ!"

నెత్తిమీద చందమామ సున్నం కొట్టినంత తెల్లగా ఉన్నాడు. అందరూ ఓసారి పైకి చూశారు, ఓసారి ఆయన్ను చూశారు.

"దూరం నుంచి సూత్తే తెలుపేరా. దగ్గరికెళ్తే ఎరుపే. అందుకే గదా ఇది కొన్నాను!"

ప్రిన్సిపాల్ చూసి "అద్భుతం" అన్నాడు. ఫిజిక్సు చెప్పే నేనూ చూశాను. కుంకుమ తప్ప మరేమీ లేదు. "బాగుందండి" అన్నాను. నా కాంట్రాక్టు ఉద్యోగం ఆ కమిటీ చేతిలో ఉంది మరి.

పిల్లలు వరసగా చూసి రాశారు. ఒకడు ఎర్రమట్టి ఉందని రాశాడు. ఇంకొకడు లోయలు కూడా లెక్కపెట్టాడు.

శివాజీ కూతురు సింధూరి చూసి, రాయకుండా నా దగ్గరకు వచ్చింది. మూడు నెలలుగా రోజూ డాబా ఎక్కి చందమామ బొమ్మ నోటుబుక్కులో గీస్తున్న పిల్ల. ఆ సీటు ఎవరికైనా దక్కాలంటే దానికే దక్కాలి.

"మేడమ్, అది కుంకుమండి. ఏటి రాయమంటారు?"

"అందరూ రాసిందే రాయమ్మా. మీ నాన్న ఆయన లారీయే కదా నడిపేది" అన్నాను. అన్నాక నామీద నాకే అసహ్యం వేసింది.

పక్కనే ఉన్న శివాజీ విన్నాడు.

"ఒసే, సూసిందే రాయే. బొట్టెట్టినోణ్ణి నేను, నాకు తెల్దేటి?"

సింధూరి రాసింది: "కుంకుమ కనిపించింది. చందమామ కనిపించలేదు. తుడిస్తే కనిపించవచ్చు."

యమున కాగితాలన్నీ చదివి, టెలిస్కోపు దగ్గరకెళ్లి చూసి, సింధూరి రాసిన మూడు ముక్కలూ మైకులో చదివింది. సీటు ఆ అమ్మాయిదేనంది. నరసింగరావు మొహం కందిపోయింది. శివాజీ చేతులు కట్టుకుని తల వంచాడు. నరసింగరావు కాసేపు ఆలోచించి మైకు అందుకున్నాడు.

"సూశారా! మనం బొట్టెట్టబట్టే గదా మన పిల్లకి సీటొచ్చినాది!"

చప్పట్లు మోగిపోయాయి. యమున రుమాలు తీసి అద్దం తుడవబోతే ఆయన అడ్డుపడ్డాడు.

"తుడిసీకండమ్మా. అచ్చొచ్చిన బొట్టు."

ఇప్పుడు టెలిస్కోపు ప్రిన్సిపాల్ గదిలో బీరువాలో ఉంది. తాళం నరసింగరావు దగ్గర. వచ్చే ఏడాది రెండు సీట్లు రావాలని ప్రతి శుక్రవారం ఒక్కో అద్దానికి రెండేసి బొట్లు పెట్టిస్తున్నాడు.

మొన్న సింధూరి శిక్షణ ముగించుకుని నేరుగా కాలేజీకి వచ్చింది. మిగతా పిల్లలకు చందమామను చూపిస్తాను, తాళం ఇప్పించండి మేడమ్ అంది. చేతిలో మెత్తటి గుడ్డ కూడా ఉంది. ఈసారి తాళం అడగడానికి నేనే వెళ్లాను.